ఇంటి ముందు మూడు సెంట్లు: ముందు ఖాళీ, తర్వాతే మొక్క

ఎకరంన్నర మిరప, రెండెకరాల కంది చేసే రైతుకు ఇంటి ముందు నాలుగు మొక్కలు పెంచుకోవడం ఇంకొకరు చెప్పాలా అని మీరు అడగవచ్చు. అడగవలసిన మాటే. కానీ ఒక్కసారి మీ ఊరి బజారులో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూడండి. పొలంలో సాలు వంకర పోనివ్వని రైతు ఇంటి ముందే మునగచెట్టు వాకిలికి అడ్డంగా ఒరిగి ఉంటుంది. కొబ్బరి మొక్క సరిగ్గా కరెంటు తీగ కింద ఉంటుంది. స్నానాల నీళ్లు గడప ముందే మడుగు కట్టి ఉంటాయి. పక్కింటాయన ఈ గొడవంతా ఎందుకని వాకిలి మొత్తం సిమెంటు పోయించి ఉంటాడు. మే నెల మధ్యాహ్నం ఆ గచ్చు మీద ఉత్త కాలు పెట్టడానికి లేదు.

ఎందుకిట్లా అవుతుంది? పొలంలో నేలంతా పంటది. వాకిట్లో నేలంతా మొక్కలది కాదు. అక్కడ కంది ఎండాలి, మిరపకాయలు ఆరాలి, బర్రెను కట్టాలి, ట్రాక్టరు లోపలికి రావాలి, పిల్లలు ఆడుకోవాలి. ఆడపిల్ల పెళ్లయితే పందిరి వేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు పోతే వచ్చిన నలుగురూ కూర్చోవాలి. ఈ పనులన్నిటికీ కావలసిన ఖాళీని ముందు విడిచిపెట్టి, మిగిలిన అంచుల్లో మొక్క పెట్టుకోవాలి. మనం చేసేది దానికి తలకిందులు. తొలకరికి మొక్కల బండి వస్తుంది. కడియం నుంచి వచ్చిన మొక్కలు నవనవలాడుతూ ఉంటాయి. నాలుగు కొంటాం. పార ఎక్కడ సులువుగా దిగితే అక్కడ గుంత తీసి పెట్టేస్తాం. ఐదారేళ్లకు ఆ చెట్టే అడ్డమై గొడ్డలి పడుతుంది. అన్నేళ్లు పోసిన నీళ్లు, మోసిన ఎరువు, రాబోయే నీడ అన్నీ పోయినట్టే గదా.

ముగ్గు పిండితో గీసుకోండి

దీనికి కాగితం, స్కేలు అక్కర్లేదు. ఎండాకాలం వాకిలి ఖాళీగా ఉన్నప్పుడు ఒక తట్టలో ముగ్గు పిండో, సున్నమో తీసుకుని నేల మీదే గీతలు గీసుకోండి. లెక్క కోసం మీ ఇల్లు తూర్పు ముఖమనీ, ముందు 40 అడుగుల వెడల్పు, 33 అడుగుల లోతు స్థలం ఉందనీ అనుకుందాం. సెంటుకు 435 చదరపు అడుగుల పైచిలుకు కాబట్టి ఇది మూడు సెంట్లు.

మొదట గేటు నుంచి గడప దాకా బాట. మనుషులకూ, మోటారు సైకిలుకూ అయితే నాలుగు అడుగులు చాలు. ట్రక్కు లోపలికి వచ్చే ఇల్లయితే పది అడుగులకు తగ్గించవద్దు. గీత గీశాక ఎప్పుడూ కిరాయికి వచ్చే డ్రైవరునే ఒకసారి బండి లోపలికి పెట్టి వెనక్కి తీయమనండి. చక్రం ముగ్గు తొక్కితే గీత జరపండి. గీతను జరపడానికి ఒక నిమిషం చాలు, చెట్టును జరపలేం.

తర్వాత ఎండబెట్టుకునే చోటు. పట్టాలు పరుచుకుని కందో, మిరపకాయలో పోసుకోవడానికి 20 అడుగుల చదరమైనా ఉండాలి. దాని మీద పొద్దుట నుంచి సాయంత్రం దాకా నీడ పడకూడదు. పెళ్లి పందిరి వేసేది కూడా ఇక్కడే కాబట్టి దీంట్లో ఒక్క మొక్క కూడా పెట్టకండి, తులసి కోటతో సహా. కోటను గడపకు ఎదురుగా బాట పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

గొడ్లను ముందే కట్టేవాళ్లు పది అడుగులు, పన్నెండు అడుగుల చోటు దానికి విడవండి. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, వాసన ఇంట్లోకి కొట్టని పక్కన పెట్టుకోండి. చివరగా సాయంత్రం మంచం వాల్చుకునే చోటు, అరుగు ముందు ఓ ఎనిమిది అడుగులు.

ఇప్పుడు లెక్క వేయండి. బాటకు 330, ఎండబోతకు 400, గొడ్లకు 120, కూర్చునేందుకు ఓ 100. మొత్తం 1320 చదరపు అడుగుల్లో 950 పోయింది. మిగిలింది 370, అంటే సెంటుకు కాస్త తక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. ఇంటికి కావలసిన ఆకుకూర, నాలుగు రకాల కాయలు, దేవుడికి పూలు, ఒక పెద్ద చెట్టు నీడ ఈ సెంటులోపే వస్తాయి. మొదటిసారి తోట పెట్టేవారికి ఇంతకు మించిన చోటు భారమే. పొలం పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో దీనికి నీళ్లు పోసేది ఎవరు? ఇంట్లో ఆడవాళ్లే. వాళ్ల చేతికి అందేంత ఉండాలి. అందుకే గీతలు గీసేటప్పుడే వాళ్లను పక్కన ఉంచుకోండి. ఊడ్చేదీ, కళ్లాపి చల్లేదీ, బట్టలు ఆరేసేదీ వాళ్లే. ఏ మూల ఏం ఇబ్బందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

గీసిన ముగ్గును ఓ వారం అట్లాగే ఉంచి, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు నీడ ఎక్కడ పడుతోందో చూడండి.

నీడ ఎటు పోతుంది?

ఈ సంగతి చాలామంది పట్టించుకోరు, నష్టపోతారు. ఒంగోలు పరిసరాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. మిగిలిన తొమ్మిది నెలలూ దక్షిణం వైపే. డిసెంబరు నెలాఖరులో 20 అడుగుల చెట్టు నీడ మిట్టమధ్యాహ్నం పూట కూడా ఉత్తరానికి 16 అడుగులు సాగుతుంది. మన కంది, మిరప ఇళ్లకు చేరేది సరిగ్గా ఆ రోజుల తర్వాతే. ఎండబోత చోటుకు దక్షిణాన చెట్టు పెట్టారంటే కాయ సరిగా ఎండదు, తేమ దిగక బూజు పడుతుంది, ధర దెబ్బతింటుంది. ఇంటి ముందు ఒక మొక్క తప్పుచోట పెట్టినందుకు మార్కెట్ యార్డులో నష్టపోతామంటే నమ్మబుద్ధి కాదు. కానీ వరుస అదే.

కాబట్టి ఎత్తు పెరిగేవి ఉత్తరపు అంచున, పొట్టిగా ఉండేవి దక్షిణపు అంచున. కూరమడికి కూడా ఇదే లెక్క. తూర్పు ముఖం ఇంటికి మధ్యాహ్నం దాటాక ఇల్లే వాకిలికి నీడ ఇస్తుంది కాబట్టి నీడచెట్టు కోసం తొందర లేదు. పడమటి ముఖం ఇంటివారికి మాత్రం రెండు గంటల నుంచి ఎండ తలుపులోకి కొడుతుంది. వాళ్లు పెద్ద చెట్టును వాయవ్య మూల పెట్టుకోవాలి. ఎండాకాలం సాయంత్రం సూర్యుడు వాయవ్యం వైపే దిగుతాడు కాబట్టి నీడ వచ్చి గడప మీద, మంచం మీద పడుతుంది. చలికాలంలో కళ్లానికీ అడ్డు రాదు. ఈశాన్యంలో పెద్ద చెట్టు ఉండకూడదని వాస్తు పట్టింపు ఉన్నవారు ఉత్తరపు అంచునే కాస్త ఇంటి వైపు జరిపి పెట్టుకోండి. దాంతో మనకు పేచీ లేదు. గోడకు మాత్రం 12 నుంచి 15 అడుగుల ఎడం ఉండాలి. నల్లరేగడిలో అయితే అది కచ్చితం. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దగ్గర్లో పెద్ద చెట్టు ఉంటే వేర్లు తేమను ఇంకా పీల్చి, నెర్రె పునాది దాకా పోతుంది.

నీళ్ల సంగతి తేల్చనిదే గుంత తీయొద్దు

పొలానికి కాలవ ఎట్లాగో వాకిలికి వాలు అట్లాగ. ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి ఐదు అడుగులకు ఒక అంగుళం పల్లం ఉంటే చాలు, కంటికి కనిపించదు, నీరు మాత్రం నిలవదు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం ఓ పూట అడిగి తెచ్చుకుని చూడండి.

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. సిమెంటు రోడ్లు ఒకదాని మీద ఒకటి వేసి చాలా ఊళ్లలో వీధి వాకిలి కంటే ఎత్తయింది. వాన నీరు వీధిలోకి పోయే బదులు వీధిలో నీరే ఇంట్లోకి వస్తోంది. అట్లాంటి చోట వీధి వైపు వాలు పెట్టి లాభం లేదు. గేటు దగ్గర అరడుగు మట్టికట్ట పోసి, దాని మీదుగా బండి ఎక్కి దిగేటట్టు చదును చేసి, వాకిలి నీళ్లను ఒక పక్క అంచుకు తిప్పండి. ఆ పక్కనే మొక్కలు పెడితే నీటికి దారి, మొక్కకు నీరు రెండూ కుదురుతాయి.

డాబా నీళ్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 500 చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 460 లీటర్లు దిగుతాయి. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకు ఒక్కరోజే పది సెంటీమీటర్లు పడడం మనకు కొత్త కాదు. అంటే 4600 లీటర్లు ఒకటి రెండు గొట్టాల గుండా గోడ వారనే పడతాయి. ఆ గొట్టం కింద గులాబీ పెట్టుకున్నవాళ్లను చూశాం. మొక్క కాదు, మట్టే ఉండదు అక్కడ. గొట్టం కింద ఒక రాయి పరిచి, అక్కడి నుంచి రాళ్లు పేర్చిన చిన్న బోదె తవ్వి, ఇంటికి పది అడుగుల దూరాన ఇంకుడు గుంతలోకి వదలండి. మూడడుగుల లోతు, మూడడుగుల చదరం తీసి అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, పైన ఇసుక నింపితే చాలు. గుంత నిండి పొర్లితే ఆ పొర్లు ఎటు పోవాలో కూడా ముందే చూసుకోండి.

ఇక రోజూ వచ్చే వాడుక నీళ్లు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. స్నానాలు, అంట్లు, బట్టల నీళ్లు అందులో సగమే అనుకున్నా రోజుకు 130 లీటర్లు దాటుతాయి. ఎండాకాలం బోరు ఎండినా ఈ నీళ్లు ఆగవు. వీటితోనే తోట బతకాలి. స్నానాల గది గొట్టం దగ్గర నాలుగు నాపరాళ్లతో చిన్న తొట్టి కట్టి, అందులో కొబ్బరి పీచు, ఇటుక ముక్కలు వేయండి. జిడ్డు, వెంట్రుకలు అక్కడే ఆగుతాయి. పీచును పదిహేను రోజులకోసారి మార్చాలి. తొట్టి నుంచి నీళ్లు అరటి పాదులోకి పోవాలి. అరటి ఒక తల్లి, ఒక పిలక, దాని వెనక ఇంకో చిన్న పిలక, అంతకు మించి ఉంచవద్దు. అరటి పక్కన మెట్టతామర, చామ వేసుకుంటే అవీ నీళ్లు తాగుతాయి. కొబ్బరి కూడా ఈ నీళ్లకు ఒప్పుకుంటుంది. బట్టల సోడా నీళ్లు మాత్రం రోజూ ఒకే పాదుకు పోయకండి, మట్టి గట్టిపడిపోతుంది. మార్చి మార్చి పోయాలి. ఆకుకూరల మీద ఈ నీళ్లు అసలు వద్దు.

పాదులో నీళ్లు మర్నాటికి ఇంకిపోయాయా లేదా చూసుకోవడమే పరీక్ష. వారం నిలిచాయంటే దోమలు పెంచుకుంటున్నట్టే. అట్లా నిలిస్తే పాదు వెడల్పు చేయండి, అప్పటికీ నిలిస్తే ఇంకో అరటి పిలక పక్కన పెట్టి బోదెను రెండుగా చీల్చండి.

ఒక పెద్ద చెట్టు చాలు

మూడు సెంట్ల వాకిలికి పెద్ద చెట్టు ఒక్కటే. రెండు పెడితే పదేళ్లకు రెండూ కొట్లాడుకుంటాయి, కింద ఏదీ పెరగదు. వేప మన చేతికి తెలిసిన చెట్టు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల కొసల నుంచి ఎండిపోతుంటే చాలామంది భయపడ్డారు. తెగులు సోకిన చెట్లలో చాలావరకు మళ్లీ చిగురించినవే కాబట్టి ఎండు కొమ్మ కనిపించగానే చెట్టు కొట్టేయవద్దు. ఎండిన మేర కత్తిరించి తగలబెట్టండి. వేప వద్దనుకుంటే కానుగ. నీడ చిక్కగా ఉంటుంది, ఆకు ఎరువుకు పనికొస్తుంది. కొత్తపట్నం వైపు తీరపు ఇసుక నేలల్లో గంగరావి బాగా నిలుస్తుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో నిమ్మ పెట్టి నీళ్లు పోసీ పోసీ విసిగిపోతారు. నిమ్మ, చిక్కుడు ఉప్పుకు ఓర్చవు. కొబ్బరి, సపోటా ఓరుస్తాయి. నీళ్లు మంచివైతే నిమ్మ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. జామ అయితే లక్నో-49. కరివేపాకు ఎవరినీ కొనమని చెప్పక్కర్లేదు, పక్కింటి చెట్టు మొదట్లో పిలకలు లేస్తూనే ఉంటాయి. బొప్పాయి పెట్టేవారు మాత్రం మిట్ట చోటు చూసుకోండి. మొదట్లో ఒక్కరోజు నీరు నిలిచినా అది చస్తుంది.

మునగ సంగతి వేరే చెప్పాలి. ఇంటి ముందు మునగ ఉండకూడదని పెద్దవాళ్లు అంటారు. కొట్టిపారేయవలసిన మాట కాదది. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరిగి పడుతుంది. వానాకాలంలో గొంగళి పురుగులు మాను మీద గుంపులుగా చేరతాయి, ఒంటికి తగిలితే దద్దుర్లు. కాబట్టి గడపకు, పిల్లలు తిరిగే చోటుకు దూరంగా గేటు పక్క మూలన పెట్టండి. పెరియకుళం పరిశోధన స్థానం నుంచి వచ్చిన పీకేఎం-1 రకం గింజతోనే వస్తుంది, ఆరు నెలల్లో కాపుకు వస్తుంది. మూడడుగులు పెరగగానే తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి చెట్టు పొట్టిగా ఉంటుంది, కాయ చేతికి అందుతుంది. గొంగళ్లు పగటిపూట గుంపుగా ఉన్నప్పుడే దివిటీ చూపించి కాల్చేయాలి. మాను కాలకుండా చూసుకోండి.

గుంతలు రోహిణి కార్తెలో తీసి ఎండనివ్వాలి. రెండడుగుల లోతు, రెండడుగుల చదరం. కొబ్బరికి మూడడుగులు. కనిగిరి, పొదిలి వైపు రాతి గరువు నేలల్లో అన్నిటికీ మూడడుగులు తీయాల్సిందే, లేకపోతే వేరు కుండీలో ఉన్నట్టే ఉంటుంది. పై అడుగు మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క పోయండి. పై మట్టికి రెండు గంపల చివికిన పేడ ఎరువు, కిలో వేపపిండి కలిపి ముందు అదే నింపాలి. చెరువు మట్టి దొరికితే గరువు నేలల్లో రెండు తట్టలు కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలు పట్టుకుంటాయి. ఆరుద్రలో రెండు మంచి వానలు పడ్డాక మొక్క పెట్టండి. సంచి పూర్తిగా కోసి తీయాలి, అడుగు భాగం మాత్రం కోసి పెట్టడం పని తప్పించుకోవడమే. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి. పాదులో కంది పొట్టో, వేరుశనగ పొట్టో నాలుగు వేళ్ల మందాన పరవండి, మొదలుకు తగలకుండా.

పెట్టకూడనివి

నర్సరీలో చూడగానే మనసు లాగేది కోనోకార్పస్. నిటారుగా, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. దాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నర్సరీల్లోనే పెంచవద్దని నిషేధించింది. పుప్పొడితో దగ్గు, ఆయాసం వస్తాయనీ, వేర్లు నీటి గొట్టాలను, కేబుళ్లను పాడు చేస్తాయనీ కారణం చెప్పింది. మనం తినే కాయ లేదు. ఎందుకు మనకు?

పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు పూలకు బాగానే ఉంటాయి. కానీ వాటి ఆకు, గింజ అన్నీ గుండె మీద పనిచేసే విషం. చెట్టున ఉన్న ఆకు పశువు ముట్టకపోవచ్చు. కత్తిరించిన కొమ్మలు గొడ్ల దగ్గర పడేసినప్పుడే ప్రమాదం. వాడిపోయిన ఆకు గడ్డితో కలిసి లోపలికి పోతుంది. కంచెకు అడవి ఆముదం, అదే జట్రోఫా, వేసిన ఇళ్లలో పిల్లలు గింజలు తిని వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలవడం కొత్త కాదు. పశువులు, పసిపిల్లలు ఉన్న వాకిట్లో ఈ మూడూ వద్దు. కంచెకు వాక్కాయ ఉంది, సీమచింత ఉంది. ముళ్లకు ముళ్లు, కాయకు కాయ. సీమచింతను ఏటా రెండుసార్లు కత్తిరించకపోతే మాత్రం చెట్టైపోతుంది.

పచ్చిక గడ్డి కూడా మనది కాదు. ఎండాకాలంలో గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి కావాలి. సెంటు గడ్డికి అది 200 లీటర్లు. ఇంటిల్లిపాదీ వాడగా మిగిలిన నీళ్లన్నీ పోసినా చాలవు, పైగా దాన్ని బర్రెకు వేయలేం, దాని మీద కంది పోయలేం.

నేల సంగతికి వస్తే వాకిలంతా గచ్చు చేయవద్దు. బాట మీద నాపరాళ్లు ఇసుకలో పరుచుకోండి, సందుల్లో సిమెంటు లేకుండా. నీరు ఇంకుతుంది, కావలసినప్పుడు రాయి ఎత్తి వేరే చోట వేసుకోవచ్చు. చీమకుర్తి చుట్టుపక్కల తెగిన గ్రానైటు ముక్కలు చవకగా దొరుకుతాయని తెచ్చి పరిచేవాళ్లున్నారు. నల్ల రాయి, ఎండకు పెనం అవుతుంది, వానకు జారుతుంది. నీడలో కూర్చునే దిమ్మెకైతే బాగుంటుంది, బాటకు కాదు. ఎండబోత చోటు గట్టి మట్టిగానే ఉంచి పేడతో అలుక్కోవడమే మేలు.

సెంటున్నర స్థలం వారికి

2020లో ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. 72 గజాలు. ఇల్లు కట్టగా ముందు మిగిలేది నాలుగైదు అడుగుల సందు. ఇందులో పైన చెప్పినవన్నీ కుదరవు, ప్రయత్నించవద్దు కూడా. వాడుక నీళ్ల దగ్గర ఒక అరటి, గేటు పక్కన ఒక కరివేపాకు, గోడ పొడుగునా అడుగు వెడల్పు మడి, దాని మీద తీగ పందిరి. అంతే. తీగను డాబా మీదికి ఎక్కిస్తే పై గదికి చల్లదనం కూడా. పెద్ద చెట్టు కావాలంటే నాలుగిళ్ల వాళ్లు కలిసి వీధి మలుపులో ఒక కానుగ పెట్టుకుని, వంతులేసుకుని నీళ్లు పోయాలి.

పూలు, కూరమడి

పూలకు ఎక్కువ చెప్పేది లేదు. మందారం, నందివర్ధనం చేతికొచ్చిన కొమ్మ గుచ్చితే బతుకుతాయి. బంతి నారు ఆషాఢంలో పోస్తే దసరాకు పూస్తుంది. కనకాంబరం కొంచెం నీడకు ఓర్చుకుంటుంది. మల్లెను డిసెంబరులో నీళ్లు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలం మొగ్గ బాగా వేస్తుంది. గడపకు ఆరడుగుల లోపల గుబురు మొక్క ఏదీ వద్దు. రాత్రిపూట పాము ఉన్నా కనిపించదు.

కూరమడి పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు రెండు చాలు. మూడడుగులు ఎందుకంటే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, మడి తొక్కక్కర్లేదు. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది. మడి అంతా ఒకేసారి చల్లి, ఒకేసారి కోసి, ఊరంతా పంచి, తర్వాత నెల రోజులు కొనుక్కోవడం మామూలుగా జరిగేదే. మడిని మూడు భాగాలు చేసి పది రోజులకొకటి చల్లుకోండి. గోంగూర, బచ్చలి అంచున. నాలుగు వంగ, పది బెండ.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పొలంలో కొట్టగా డబ్బా అడుగున మిగిలిన మందు ఇంటి మొక్కల మీద కొట్టవద్దు. మిరపకో, పత్తికో కొట్టిన మందు ఈ రోజు కొట్టి రేపు కోసే తోటకూర మీద ఎట్లా కొడతాం? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. అయినా అలవాటు కొద్దీ స్ప్రేయరు ఎత్తేవాళ్లున్నారు. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొడితే వాకిట్లో వచ్చే పురుగుల్లో చాలా వాటికి అది చాలు. పేనుబంక కొద్దిగా ఉన్నప్పుడే పొద్దున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లండి. మందారానికి పిండినల్లి పడితే ఆ కొమ్మ కోసి కాల్చేయడమే.

తీగల్లో బీర, సొర ఏవైనా వేసుకోవచ్చు గానీ, మొదటిసారి వేసేవారు చిక్కుడుతో మొదలుపెట్టండి. ఆషాఢ, శ్రావణాల్లో రెండు పాదులు పెట్టి పందిరికి ఎక్కించాలి. మూడు నెలలు తీగ బారెడు పెరుగుతుంది, ఆకు తప్ప ఏమీ కనిపించదు. పనికిరానిదని పీకేయకండి. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూతకు రాదు. కార్తీకంలో పూత మొదలై సంక్రాంతికి కాయ విరగకాస్తుంది. ఆ మూడు నెలలూ పెంటపోగు ఎరువు ఎక్కువ వేస్తే ఆకే వస్తుంది, కాబట్టి పాదుకు మొదట్లో వేసిన గంపెడుతో సరిపెట్టండి. రథసప్తమి నాడు ఆకు, కాయ రెండూ మీ పందిరి మీదివే వాడుకోవచ్చు. అప్పటికి మొదట్లో కాసిన నాలుగు గుత్తులు కోయకుండా ఎర్ర దారం కట్టి వదిలేయండి. కాయ తీగ మీదే గలగలమనే దాకా ఎండాక వలిచి, నీడన రెండు రోజులు ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోసి బిగించి, మీద నెల, సంవత్సరం రాసిన చీటీ అంటించండి.